వడ్డీ ముట్టని పైసలు

మా అబ్బా, అంటే మా నాన్న గులాం మొహిద్దీన్, జనగామ డిపోలో బస్సు కండక్టరు. పాలకుర్తి, దంతాలపల్లి రూట్లలో ముప్పై ఏళ్లు టికెట్లు కొట్టి, రెండువేల పదకొండు ఎండాకాలంలో రిటైరయ్యాడు. ఆయనకు కోపం రాదు. ఆయన వంతు కోపం కూడా నాకే వచ్చింది, అందుకే ఈ నాలుగు ముక్కలు నేను రాస్తున్నాను.

కండక్టరుకు సర్కారు నౌకరికి వచ్చినట్టు నిండు పెన్షను రాదు. నెలకు వచ్చేది ఉప్పుకీ పప్పుకీ కూడా చాలదు. పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి ఒక్కసారి చేతిలో పెడతారు, ఆపైన నీ తెలివి నీది. చాలామంది ఆ డబ్బు బ్యాంకులో వేసి నెలనెలా వడ్డీ తెచ్చుకుంటారు. అబ్బా వడ్డీ ముట్టడు. మా దీన్‌లో, అంటే మతంలో, అది హరాం, ముట్టినవాడికి జన్నత్ దక్కదు, స్వర్గం తలుపు మూసుకుంటుంది. మా చుట్టాల్లో ముట్టేవాళ్లున్నారు, ముట్టి బయటికి చెప్పనివాళ్లు ఇంకా ఎక్కువ. ఈయన మాత్రం బ్యాంకు మేనేజరు దగ్గరికి పోయి, "సార్, నా పైసల మీద వడ్డీ ఎయ్యకుండ్రి" అని చెప్పి వచ్చాడు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. దారిలో కలిసిన ప్రతివాడికీ చెప్పాడు.

ఇంకేముంది, మొహిద్దీన్ పైసలు బ్యాంకులో ఊరికే పడి ఉన్నాయని జనగామ అంతా తెలిసిపోయింది. "వడ్డీ ఎట్లాగు తీసుకోవు గదా అన్నా, నాకు చేబదులిస్తే నీకేం నష్టం?" అని డిపో మెకానిక్కు మొదలు పాలు పోసేవాడి దాకా అందరూ అడిగినవాళ్లే.

ఏం నష్టమో మా అమ్మ మరియం బీకి తెలుసు. కూర్చుని తింటే కొండలే కరుగుతాయి, కండక్టరు పీఎఫ్ ఎంత? దారి కూడా ఆమే కనిపెట్టింది. వడ్డీ హరాం గానీ కిరాయి హలాల్. స్టేషన్ రోడ్డులో పాలకుర్తి వెంకట్రాం పటేలుకు ఒక మడిగె ఉంది, ఒంటి షట్టరు దుకాణం గది. దాన్ని కొంటే నెలనెలా కిరాయి వస్తుంది. ఇద్దరు ముసలివాళ్లు ఎవరి ముందూ చేయి చాచకుండా బతకొచ్చు. పటేలు తమ్ముడు హైదరాబాదు దవాఖానలో ఉన్నాడు, డబ్బు అవసరం, అందుకే తక్కువకు ఇస్తానన్నాడు. బయానాగా కొంత ముందే ఇచ్చాం. మిగతాది దసరాలోపు ఇవ్వాలి.

అప్పటి నుంచి అమ్మీ కూరగాయలకు పోయినా ఆ దారినే పోయేది. షట్టరు తుప్పు పట్టింది, రంగు వేయించాలనేది.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపోలో, జీతాలు గాలిలో. నేను ఉద్యమానికి అడ్డం మాట్లాడేదాన్ని కాను. రోడ్డు మీద వంటావార్పులో కూర్చుని అన్నం తిన్నదాన్నే. తెలంగాణ రావాల్సిందే. కానీ అది మా నాన్న పీఎఫ్ మీదుగానే రావాలని ఎక్కడుంది?

అబ్బా రోజూ సమ్మె శిబిరానికి పోయేవాడు. రిటైరైనవాడికి సమ్మె ఏందని అమ్మీ అడిగితే, "నా తోటోళ్లు ఎండల కూసుంటే నేను ఫ్యాన్ కింద పండుదునా?" అనేవాడు. పోయేటప్పుడు ఒక్కడే పోయేవాడు, వచ్చేటప్పుడు వెనక ఇంకొకడు ఉండేవాడు. బియ్యానికని ఒకడు, పిల్లల ఫీజని ఒకడు. ఎవరికీ లేదనలేదు. అవి చిన్న మొత్తాలే, మడిగెకు ఇంకా సరిపోతుంది కాబట్టి అమ్మీ పళ్లు బిగబట్టుకుని ఊరుకుంది.

అప్పుడు దిగాడు అబ్దుల్ బారీ. మా మేనత్త కొడుకు, అదే డిపోలో కండక్టరు. లక్షన్నర అడిగాడు. "మూడు నెలలల్ల ఇస్త మామూ. ఎవలకు చెప్పకుండ్రి, ఇజ్జత్ పోతది."

అంత ఎందుకని అబ్బా అడగలేదు. నేను అడగబోతే కళ్లతోనే ఆపాడు. వాడు పోయాక, "కారణం అడిగి ఇస్తె అది అప్పుగాదు బిడ్డా, పోలీసు దర్యాప్తు" అన్నాడు.

"మరి మడిగె సంగతేంది?" అంది అమ్మీ.

"వెంకట్రాం మంచోడు. జర ఆగుమంటె ఆగుతడు."

వెంకట్రాం మంచివాడే. దసరా దాటాక ఇంకో వారం కూడా ఆగాడు. ఆ వారమంతా బారీని అడగమని అమ్మీ మొత్తుకుంది. "గడువిచ్చి నడుమల అడుగుడు తప్పు" అని అబ్బా కదల్లేదు. చివరికి పటేలు మా ఇంటికి వచ్చి, తల వంచుకుని, బయానా మొత్తం తిరిగిచ్చేశాడు. "ఏమనుకోకు మొహిద్దీన్ భాయ్. దవాఖానోళ్లు నాకు ఆగుతలేరు. ఒకలు నగదు తెచ్చిన్రు." ఎవరని అమ్మీ అడిగితే, పేరు చెప్పొద్దన్నారని నసిగాడు.

సమ్మె ముగిసింది. బస్సులు రోడ్డెక్కాయి. ఆ తరవాత ఒక శుక్రవారం, జుమ్మా నమాజు కాగానే బారీ మిఠాయి డబ్బాతో వచ్చాడు. మడిగె కొన్నాడట, దువా చేయించి, ఫాతిహా చదివించి షట్టరు తీస్తాడట, మామూ చేతులతోనే తీయించాలట.

"ఏడ?" అంది అమ్మీ.

"స్టేషన్ రోడ్డుల. వెంకట్రాం పటేలుది."

నాకు ఒళ్లు మండిపోయింది. మా పైసలతో మా మడిగె కొని మాకే లడ్డూలు పంచుతున్నాడు! "మేము బయానా ఇచ్చిన సంగతి నీకు తెల్వదా?" అన్నాను.

"తెలుసు కహ్కషాన్. మీకు పైసలు జమ కాలె గదా. బయటోడు కొనేకంటె మనోడు కొనుడు మంచిదే గదా" అన్నాడు, మాకేదో ఉపకారం చేసినట్టు. "మామూ పైసలు గడువుకు తెచ్చిస్త. వడ్డీ ముచ్చటే లేదాయె."

అమ్మీ అరవలేదు. పీట మీద కూర్చుంది. "బారీ, పైసలు తేకు. ఆ లక్షన్నర మడిగెల మా పొత్తు అనుకో. కిరాయిల మా పాలు మాకియ్యి. పొత్తు హలాలే."

బారీ ముఖం మాడిపోయింది. ఇంకొంచెం గట్టిగా పట్టుకుంటే ఒప్పుకునేవాడే. ఇంతకాలం ఈమెను వంటింట్లో కూర్చోబెట్టి మా నాన్న చేతికి లెక్కలిచ్చిందెవరా అనిపించింది నాకు.

ఒప్పుకోనిది అబ్బా. "వద్దు మరియం. నేను అప్పని ఇచ్చిన, పొత్తని ఇయ్యలె. ఇప్పుడు లాభం అడిగితె అది సూద్, వడ్డీ కిందికే వస్తది."

బారీ హమ్మయ్య అనుకున్నాడు. అమ్మీ మిఠాయి డబ్బాకు మూత పెట్టి, వాడి చేతిలోనే పెట్టి పంపించింది. తలుపు దగ్గరికి వేసి అబ్బా వైపు తిరిగింది.

"నమాజు నీది, మాట నీది. పైసలు ఇద్దరియి గావా? నన్ను ఒక్కసారన్న అడిగినవా? నీ జన్నత్‌కు నా ముసలితనం ఖర్చు పెట్టినవ్."

హలాల్, హరాం అన్నీ తెలిసిన మనిషికి ఇది ఎందులోకి వస్తుందో తెలియలేదు.

బారీ తను చెప్పిన గడువుకే పైసలు తెచ్చిచ్చాడు. అప్పటికి స్టేషన్ రోడ్డులో మాకు అందే ధరకు ఏ మడిగె లేదు. ఆ డబ్బు వేయడానికి అబ్బా బ్యాంకుకు బయలుదేరితే అమ్మీ చెప్పులేసుకుని వెంట నడిచింది, నేనూ పోయాను. ఖాతాలో తన పేరు కూడా ఎక్కించాలని, ఇద్దరి సంతకాలు లేనిదే పైసా కదలొద్దని మేనేజరుకు తనే చెప్పింది.

మేనేజరు ఆమెను వదిలేసి అబ్బా వైపు చూశాడు. "అట్లనేనా సాబ్?"

"నన్నెందుకడుగుతరు? ఆమెనడుగుండ్రి" అన్నాడు అబ్బా.

ఈ ముక్క దసరాకు ముందు అని ఉంటే ఆయన నోటి ముత్యాలు రాలిపోయేవా?