మోచెయ్యి వంగేదాకా

ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, మా ఆయన మోచెయ్యి అలాగే బిగుసుకుపోయి ఉంటే బాగుండునని కోరుకున్న రోజులు నాకున్నాయి.

సింగపూర్‌లో కంప్యూటర్ ఉద్యోగాల జాతర నడుస్తున్న కాలం అది. టాంపినీస్‌లో మా ఫ్లాట్. పెళ్లై రెండేళ్లయినా ఆయన నా ఎదుట కుదురుగా కూర్చుని నాలుగు మాటలు మాట్లాడింది లేదు. ఎప్పుడు చూసినా ఆఫీసే. అలాంటి మనిషి ఒకరోజు వానకు తడిసిన మెట్ల మీద జారి కుడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నారు. కట్టు విప్పాక చూస్తే, చెయ్యి పూర్తిగా చాపలేరు, ముడవలేరు. ముద్ద నోటిదాకా రాదు.

ఎడంచేత్తో స్పూను పట్టుకుంటానంటే నేను ఒప్పుకోలేదు. "ఎడంచేత్తో అన్నం తింటారా? నేను బతికుండగా ఆ అప్రాచ్యం మాత్రం వద్దు," అన్నాను. కలిపి ముద్దలు పెట్టేదాన్ని. ఆయన బుద్ధిగా నోరు తెరిచేవారు. పప్పు పెట్టినా, వంకాయ కూర పెట్టినా ఒక్క వంక పెట్టేవారు కాదు. చొక్కా గుండీలు పెట్టడం కూడా నా పనే. నిజం చెప్తున్నా, నా కాపురం అప్పుడే మొదలైందనిపించింది.

ఇంతలో ఫిజియోథెరపీ అమ్మాయి దాపురించింది. చైనీస్ పిల్ల, పాతికేళ్లుంటాయేమో. వారానికి రెండుసార్లు ఆస్పత్రికి వెళ్లేవాళ్లం. వేడి కాపడం పెట్టి, మోచెయ్యి పట్టుకుని మెల్లగా వంచేది. ప్లాస్టిక్ కొలబద్ద ఆనించి ఎంత వంగిందో రాసుకునేది. నీళ్ల సీసా అందీ అందనంత దూరంలో పెట్టి అందుకోమనేది. నొప్పికి ఆయన మొహం ఎర్రబడుతుంటే "కెన్ లా, కెన్!" అని, అంటే మీవల్ల అవుతుందని ఆ ఊరి ఇంగ్లీషులో చెప్పి నవ్వేది. ఈయనా నవ్వేవారు!

నేను చెయ్యి తాకితేనే "అబ్బా, నెమ్మదే" అనే మనిషి, ఆ పిల్ల వంచితే పళ్లు బిగబట్టి ఊరుకునేవారు. ఇంట్లో పొద్దున్నే లేచి ఆమె చెప్పిన కసరత్తులు లెక్కపెట్టుకుని మరీ చేసేవారు. నేను నువ్వుల నూనె వెచ్చచేసి తెస్తే, "మర్దన చెయ్యొద్దంది ఆ అమ్మాయి" అన్నారు. ఆ నూనె తీసుకెళ్లి సింకులో ఒంపేశాను. అసూయే. దానికి ఇంకో పేరెందుకు?

మూడు వారాలైనా కొలబద్ద మీద పెద్ద తేడా లేదు. ఆ పిల్ల కనుబొమలు ముడిచి, "ఇంట్లో భోజనం ఎలా చేస్తున్నారు?" అని అడిగింది. ఆయన నావైపు చూశారు. "నేనే తినిపిస్తున్నాను," అన్నాను గొప్పగా.

"మేడమ్, ఎముక అతుక్కుంది. కీలు తన పని మరిచిపోయింది. నా దగ్గర చేసేది అరగంట. మిగతా రోజంతా ఆ చేతికి ఆ చెయ్యే మందు. మీరు తినిపించిన ప్రతి పూటా దానికి సెలవిస్తున్నారు. ఇలాగే వదిలేస్తే బిగుసుకుపోతుంది, తర్వాత చాలా కష్టం. ఈసారి వచ్చేటప్పుడు అన్నం తీసుకురండి. నా ముందు తినాలి."

నా మొగుడికి అన్నం పెట్టొద్దనడానికి నువ్వెవరివే అని నోటిదాకా వచ్చింది. అంత కోపానికి సరిపడా ఇంగ్లీషు లేక ఊరుకున్నాను.

మళ్లీ వెళ్లినప్పుడు డబ్బాలో పప్పన్నం పట్టుకెళ్లాను. ఆమె ఆయన మోచేతి కింద రెండు వేళ్లు ఆనించింది. మొదటి ముద్ద గడ్డానికి తగిలి చొక్కా మీద పడింది. రెండోదీ అంతే. నా చెయ్యి దానంతటదే లేచింది. ఆ పిల్ల తలైనా తిప్పకుండా "నో, మేడమ్" అంది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నాలుగోసారి మెడ కాస్త ముందుకు వంచి, చెమటలు కారుతుండగా, ముద్ద నోట్లో పెట్టుకున్నారు.

ఆమె చప్పట్లు కొట్టింది. ఆయన ఆమెవైపే చూస్తారనుకున్నాను. మెల్లగా నమిలి నావైపు తిరిగారు.

"ఉప్పు తక్కువైందే."

"ఇవాళా?"

"రోజూనే. నువ్వు ఊరగాయ నంజుకుంటావు, నీకు తెలీదు."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"ఒకరు తినిపిస్తుంటే వంకలేం పెడతామే? పెట్టింది తినడమేగా."

నేను ముద్ద పెడుతుంటే ఆయన అలా నోరు తెరవడం ప్రేమే అనుకున్నాను. పాపం, చెయ్యి ఆడక నోరు కూడా కట్టేసుకున్నారని నాకు తట్టనేలేదు.

ఆ సాయంత్రం వడ్డించి ఎదురుగా కూర్చున్నాను. సగం ఒళ్లో పోసుకున్నారు, సగం తిన్నారు. మజ్జిగలోకి వచ్చేసరికి "ఉప్పేదే?" అన్నారు.

తెచ్చాను. చేతికివ్వలేదు. ఆ పిల్ల నీళ్ల సీసా పెట్టినట్టే, ఆయన కుడిచేతికి అందీ అందనంత దూరంలో పెట్టాను.