ఇప్పుడెవరూ వాడని మాట

పామిడిలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న ఆమె మొదటి నుంచీ నా మీద గుర్రుగానే ఉంది. తొంభైల చివరి రోజులవి. నేను ఇంగ్లీషు మాటలు పైకే బట్టీ పడుతున్నాను.

"ఏందప్పా ఆ గొణుగుడు?" అంది.

"బేన్‌ఫుల్. కీడు చేసేదని అర్థం" అన్నాను విసుగ్గా. "పాతకాలపు మాటక్కా. ఇప్పుడెవరూ వాడరు."

"దేన్నంటారు?"

"విషాన్ని, చెడుగాలిని. మనుషుల్నీ అనొచ్చు."

ఆమె రెండు చేతులూ నా పుస్తకం మీద పెట్టింది. వేళ్ల కొసలన్నీ పగిలి ఉన్నాయి.

"విత్తనానికి శెనక్కాయలన్నీ నేనే ఒలిచినా. విత్తే పొద్దు మాత్రం చేను తొక్కొద్దంట. మొగుడు సచ్చినదాని కాలు పడితే పంట పోతాదంట. మా మరిది మొగం మీదే అనేసినాడు."

"అదంతా మూఢనమ్మకం, పట్టించుకోవద్దు" అన్నాను.

"నువ్వు నోరు మూసుకో!" పుస్తకం టపీమని మూసి నా ఒళ్లోకి తోసింది. "ఎవరూ వాడరంట! మా ఊరికొచ్చి చూడు పో."

దిగేదాకా మళ్లీ నావైపు చూడలేదు. బయట ఎర్రగా దున్నిన చేలనే చూస్తూ కూర్చుంది.

ఇప్పుడు నేను పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. పాఠంలో ఆ మాట వస్తే అర్థం చెబుతాను. ఎవరూ వాడరని మాత్రం చెప్పను.