కోతులను తిట్టే గొంతు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను గనుల చదువుకు జపాన్ వెళ్ళాను. వెళ్ళేనాటికి మా అక్క పోయి ఏడాది కాలేదు. అక్కడ రెండో చలికాలం వచ్చేసరికి ఒక సంగతి గమనించాను. ఆమె ముఖం గుర్తుంది, ముంజేతి మీది పచ్చబొట్టు గుర్తుంది, అన్న మాటలు కూడా గుర్తున్నాయి. గొంతు మాత్రం గుర్తుకు రావడం లేదు. ఆమె ఫొటో నా పెట్టెలో ఉంది. గొంతుకు అటువంటిది ఏదీ లేదు.

ఒక ఆదివారం, హాస్టల్లో నా గదిలో ఉండే జపాన్ విద్యార్థి అడవికోతులను చూసి సాయంత్రానికి వచ్చేద్దామన్నాడు. నల్లమల పక్క మనుషులు కోతులను చూడటానికి రైలెక్కరు. అయినా వెంటనే సరేనన్నాను. అక్క గొంతు నేను ఎక్కువగా విన్నది కోతుల మధ్యనే.

ఆమెను గిద్దలూరు అవతల, అడవి అంచున ఉన్న ఊరికి ఇచ్చారు. వాళ్ళది శనక్కాయ చేను. కాయ ఊరే రోజుల్లో కోతులు కొండ దిగేవి. మార్కాపురంలో చదువుకుంటూ సెలవులకు వెళ్ళినప్పుడు నేనూ కావలి ఉండేవాణ్ణి. రాళ్ళు విసిరే వడిసెల చేతిలో ఉన్నా, అక్క ముందు తిట్లు మొదలుపెట్టేది.

“ఏమే వదినా, చంటిదాన్ని సంకనేసుకోనొచ్చినావా? ఊరకనే తినిపోతావా? నాలుగు కలుపు మొక్కలన్నా పీకిపో!”

గట్టు మీద కూర్చున్న బావ అందుకునేవాడు. “మీ పుట్టింటోళ్ళు వచ్చినారు గానీ, కూడు పెట్టి పంపియ్యి.”

“మా పుట్టింటోళ్ళయితే చెప్పి వస్తారు. ఈమె మీ అక్క. అందుకే వదినా అంటాండా.”

తిట్టు సగంలో ఉండగానే ఆమెకు నవ్వొచ్చేది. ఆపుకుంటూ మిగతాది పూర్తి చేసేది. కోతులకు అది తెలిసిపోయేదేమో, ఒక పట్టాన కదిలేవి కావు.

జపాన్ కోతులు మన కోతుల్లా లేవు. తోక పొట్టి, ముఖం ఎర్రన, ఒంటినిండా బొచ్చు. సముద్రం ఒడ్డున ఉన్న ఆ కొండ మీద జనం శనక్కాయలు కొని మరీ వాటికి పెడుతున్నారు. ఈ మాట అక్కకు చెప్పాలనిపించింది. పిల్లను కరుచుకున్న ఒక ఆడకోతి నా ముందు కూర్చుంది. చుట్టూ చూసి, మెల్లగా, “ఏమే వదినా” అన్నాను. నా గొంతే వినిపించింది. మిగతా మాటలు అనలేదు.

దిగి వస్తుంటే, మెట్ల దగ్గర శనక్కాయలమ్మే ఒక నడివయసు ఆమె బుట్టలోంచి కోతి పొట్లం లాక్కుపోయింది. ఆమె లేచి తిట్టింది. ఆ పల్లె యాస నాకు అర్థం కాలేదు. గట్టిగా మొదలైన గొంతు మధ్యలో సన్నబడింది, నవ్వు అడ్డం వచ్చింది, దాన్ని మింగి మళ్ళీ తిట్టింది. నేను మెట్టు మీదే ఆగిపోయాను. అది అక్క గొంతు కాదు. కానీ సన్నబడిన ఆ ఒక్క చోట అక్క వినిపించింది.

“ఏమంటోంది?” అని మిత్రుణ్ణి అడిగాను.

“ఏముంది, మీ అమ్మతో చెబుతానంటోంది. పద, రైలుకు వేళయింది.”

ఇంకాసేపు ఉందామన్నాను. ఆమె బుట్ట మీద గుడ్డ కప్పి కూర్చుంది. ఆ కోతి మళ్ళీ వచ్చి ఇంకో పొట్లం లాక్కుంటే బాగుండునని చెట్ల కేసి చూస్తూ నిలబడ్డాను. అది కొమ్మ మీద కూర్చుని తీరిగ్గా కాయలు ఒలుచుకుంటోంది. పొట్లంలో ఇంకా చాలా ఉన్నట్టున్నాయి.