కడాకి రాసుకో

చిత్తూరు బయట ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఏకాంబరం కుర్చీ ఉంటుంది. కాయలతో వచ్చిన రైతుల పేర్లు వచ్చిన వరసలో కంప్యూటర్లో ఎక్కించి, వంతు రాగానే మైకులో పిలవడం అతని ఉద్యోగం. చీటీలిస్తే అమ్ముకుంటున్నారని ఓనరు వాటిని మాన్పించాడు. ఆ ప్రోగ్రాం ఏకాంబరమే సి భాషలో రాశాడు. డిప్లొమాలో ఒంటబట్టిన చదువు అదొక్కటే.

సి భాషలో ఫైలు తెరిచేటప్పుడు ఎందుకు తెరుస్తున్నామో ఒక్క అక్షరంతో చెప్పాలి. 'ఎ' అంటే ఉన్నదాని చివర చేరుస్తుంది. 'డబ్ల్యు' అంటే లోపల ఏముందని కూడా అడగదు, ఊడ్చేసి కొత్తగా మొదలెడుతుంది. సీజను మొదటి రోజు కంప్యూటరుకు పసుపు కుంకుమ పెట్టి, పాత పేర్లు పోవాలని 'డబ్ల్యు'తో నడపడం ఏకాంబరం ఆనవాయితీ. ప్రసాదం తిన్నాక దాన్ని 'ఎ'గా మార్చాలి. ఈసారి ప్రసాదం చక్కెర పొంగలి. తిని, మరిచిపోయాడు. అప్పట్నుంచి కంప్యూటరు ఆపలేదు గనక తప్పు బయటపడలేదు.

సీజను మధ్యలో ఒక రోజు పొద్దున వడమాలపేట నుంచి అతని నాయన మునిరామయ్య తోతాపురి కాయలు తెచ్చాడు, అందరికన్నా చివర. కాయలు మెత్తబడుతున్నాయి, రేపటికి ఫ్యాక్టరీ తీసుకోదు. ఏకాంబరం ఎవరికీ చెప్పకుండా, నాయనకు కూడా చెప్పకుండా, ఫైల్లో ఆ పేరును పైకి జరిపాడు. కొడుకన్నవాడు ఆ మాత్రం చెయ్యడా అని తనకు తానే తీర్పు చెప్పుకున్నాడు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. యూపీఎస్ కాసేపు కుయ్యోమని ఊరుకుంది. కరెంటు వచ్చాక ప్రోగ్రాం నడిపితే ఫైలు ఊడ్చిన వాకిలిలా ఉంది. వరస చూసి చెబుదామంటే ట్రాక్టర్లు నీడ దొరికిన చోటల్లా ఆగి ఉన్నాయి. ఏకాంబరం తన్నులు ఖాయమనుకునే, పేర్లన్నీ పోయాయని మైకులో నిజం చెప్పాడు.

అక్కమ్మ అనే రైతు గేటు ఊచలు పట్టుకుంది.

"పేర్లు పోతే ఏమప్పా? నా ముందర ఎవురుండారో నాకి తెల్దా? గిరి. వాణ్ణడుగు, వాడి ముందర ఎవురో వాడు సెప్తాడు."

అలా ఒక్కొక్కరు తమ ముందరివాళ్లను చూపించారు. మొదటివాడిదాకా పోయింది. తగాదా రాలేదు. ఏకాంబరం 'డబ్ల్యు' తీసి 'ఎ' పెట్టి, అందరి పేర్లూ కొట్టుకొచ్చాడు. మునిరామయ్య పేరు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆయన వెనక ఎవరూ లేరు.

ఆయనే కిటికీ దగ్గరికి వచ్చాడు. "నేను అక్కమ్మ ఎనకాల. కడాకి రాసుకో నాయనా."

"కాయలు రేపటికి ఉండవు నాయనా," అన్నాడు ఏకాంబరం గొంతు తగ్గించి.

"ఆయమ్మ కాయలు మాత్రం ఉంటాయా?"

ఏకాంబరానికి తల కొట్టేసినట్టయింది. మునిరామయ్య అని కొట్టాడు. పేరు చివర చేరింది.