తుమ్మితేనే పచ్చ దీపం

మిరపకాయల షెడ్డులో ఎవరికీ మొహం ఉండదు. గుంటూరు శివార్లలో ఒక కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ ఆపరేటరుగా చేరినప్పుడు నేను మొదట నేర్చుకున్న సంగతి ఇదే. సెల్‌ఫోన్లలోకి అప్పుడప్పుడే కెమెరాలు వస్తున్న కాలం. మా ఆఫీసు గది కిటికీలోంచి చూస్తే ఎదురుగా షెడ్డు, అందులో గుట్టలుగా పోసిన ఎర్రటి కాయలు, వాటి చుట్టూ కూర్చుని తొడిమలు తీసే ఆడవాళ్ళు. చీరల మీద మొగుళ్ళ పాత చొక్కాలు తొడుక్కుని, తలా ముక్కూ నోరూ కలిపి పాత చీర ముక్క చుట్టుకునేవాళ్ళు. బయటికి కనిపించేవి కళ్ళు మాత్రమే, అవి కూడా ఎర్రగా నీళ్ళు కారుతూ ఉండేవి. ఆ ఘాటుకి కొత్తవాళ్ళు గుమ్మం దగ్గరే తుమ్మడం మొదలుపెట్టేవాళ్ళు. నేనైతే మొదటి నెల ఉద్యోగమంతా ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకునే వెలగబెట్టాను.

మొహాలు లేవు కాబట్టి పిలుపులన్నీ చొక్కాల మీదే నడిచేవి. "గళ్ళ చొక్కా వదినా, ఆ బుట్ట ఇటు జరుపు" అనేవాళ్ళు. ఒకామె ఉన్న చొక్కా ఉతికి ఆరేసి ఇంకోటి తొడుక్కొస్తే, వేరే ఎవరికో పడాల్సిన తిట్లు ఆ రోజంతా ఈమెకి పడేవి. ఇంకో సంగతి కూడా ఉంది. మొహం కట్టుకున్న మనిషిని నీది ఏ ఊరు, ఎవరి తాలూకు అని షెడ్డులో ఎవరూ అడగరు. గుర్తుపట్టినా పట్టనట్టే ఉంటారు. ఇది ఎవరూ గోడ మీద రాసి పెట్టిన నియమం కాదు గానీ, దాన్ని తప్పినవాళ్ళని నేను చూడలేదు.

ఆ గుడ్డల్లో ఒక గుడ్డ వెనకాల మా మేనత్త ఉండేది. మా నాన్నకి అక్క. అద్దంకి అవతల పల్లెలో పత్తి పండించిన ఇల్లాలు, పది మందికి అన్నం పెట్టిన చెయ్యి. వరసగా పురుగు పడి పత్తి పోయాక, పొలం కూడా చెయ్యి జారాక, మామయ్యని వెంటబెట్టుకుని గుంటూరు వచ్చేసింది. వస్తూ వస్తూ ఊళ్ళో "మిర్చి వ్యాపారంలోకి దిగుతున్నాం" అని చెప్పి వచ్చింది. అందులో అబద్ధం ఏముందని నాతో వాదించేది కూడా.

"పొద్దున లేస్తే మిర్చి, పొద్దుగూకితే మిర్చి. ఇంకా ఎంత వ్యాపారం చెయ్యాలే నేను?"

చిక్కంతా ఎక్కడొచ్చిందంటే, ఆ ఊరి రైతులు కాయ తెచ్చి దాచుకునేది మా కోల్డ్ స్టోరేజీలోనే. ప్రతి సీజన్‌కీ అత్త మరిది కూడా లారీతో పాటు వచ్చేవాడు. అత్త ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి ఆయన నిక్కర్లు వేసుకునే పిల్లాడట. ఇప్పుడు మీసాలకి రంగు వేసుకునే పెద్దమనిషి. తన బస్తాలు తూకానికి వెళ్ళేదాకా షెడ్డు నీడలో అత్త కూర్చునే గుట్ట దగ్గరే చతికిలబడి, "అమ్మా, కాసిని మంచినీళ్ళు ఇప్పించు" అనేవాడు. అత్త మాట్లాడేది కాదు. గొంతు మంటకని అక్కడ అందరూ బెల్లం దగ్గర పెట్టుకుంటారు. తన కొంగుముడిలోంచి ఒక బెల్లం ముక్క తీసి ముందు ఆయన చేతిలో పెట్టి, ఆ తర్వాత చెంబు అందించేది. ఆయన నీళ్ళు తాగి కబుర్లు మొదలుపెట్టేవాడు. మా వదిన ఈ ఊళ్ళోనే పెద్ద వ్యాపారంలో ఉందమ్మా, ఎన్నిసార్లు వచ్చినా చిక్కదు, ఎప్పుడూ తీరిక ఉండదంట అని. అత్త గుడ్డలోంచే తలూపేది.

నేను ఉండేది వాళ్ళింట్లోనే. సాయంత్రం ఇంటికొచ్చి అదంతా నటించి చూపించేది. "నా గురించి నాకే చెప్పాడే" అని పగలబడి నవ్వేది. నవ్వి నవ్వి చివరికి మాత్రం, "ఎప్పుడన్నా ఈ గుడ్డ జారిందా, మీ మామయ్య మళ్ళీ ఆ ఊళ్ళో అడుగు పెట్టలేడు" అనేది. ఆ మాట అన్నప్పుడు ఆమె మొహంలో నవ్వు ఉండేది కాదు.

ఇట్లా ఉండగా మా ఓనరు గారు హైదరాబాదులో ఏదో ఎగ్జిబిషన్‌కి వెళ్ళి, మొహాన్ని గుర్తుపట్టే మిషన్ ఒకటి కొనుక్కొచ్చారు. గేటు పక్కన గోడకి బిగిస్తారు. దాని ముందు నిలబడితే మనం ఎవరమో అది చెబుతుంది. తెలిసిన మొహమైతే పచ్చ దీపం, తెలియకపోతే ఎర్ర దీపం. అది మాకెందుకో నాకు అర్థం కాలేదు. షెడ్డులో కూలి తీసిన కాయ తూకాన్ని బట్టి ఇస్తారు, ఎవరొచ్చారు ఎవరు రాలేదు అన్న లెక్కతో పనే లేదు. అదే మాట ఆయనతో అన్నాను.

"అమ్మాయ్, విదేశాల పార్టీలు వస్తాయి. గేటు దగ్గర ఇలాంటిది ఒకటి కనబడితే ఆ దర్జానే వేరు" అన్నారాయన.

బిగించడానికి కంపెనీ తరఫున టై కట్టుకున్న ఒకాయన వచ్చాడు. గుంటూరు ఎండలో, మిరపకాయల మధ్య, టై. ఆడవాళ్ళందరూ గుడ్డలు తీసి ఒక్కొక్కరే కెమెరా ముందు నిలబడాలి అన్నాడు. అత్త ఆఫీసు గదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేసింది.

"ఆ బొమ్మ తీసి ఏం చేస్తాడే?"

"మిషన్‌లో పెట్టుకుంటాడు అత్తా."

"అక్కణ్ణించి ఎక్కడికి పోతుంది?"

నాకు తెలియక టై ఆయన్నే పిలిచి అడిగాను. "ఎక్కడికీ పోదండి. మా సిస్టంలో భద్రంగా ఉంటుంది" అన్నాడు.

"మీ సిస్టం ఏ ఊళ్ళో ఉంటుంది నాయనా?" అని అత్త అడిగింది.

ఆయన నవ్వాడు గానీ ఊరి పేరు చెప్పలేదు. మొహం ఇవ్వనివాళ్ళకి మర్నాటి నుంచి పని లేదని ఓనరు గారు ఖాయం చేసేశారు. అత్తకి ఇంకో దారి లేదు.

అసలు తమాషా అప్పుడు మొదలైంది. బయట ఎండ ఎక్కువగా ఉందని, బొమ్మలు సరిగా రావని, టై ఆయన కెమెరా తీసుకెళ్ళి షెడ్డు లోపలే పెట్టాడు. సరిగ్గా కాయల గుట్ట పక్కన. ఆడవాళ్ళు గుడ్డ విప్పగానే ఘాటు ముక్కుకెక్కేది. తుమ్మేవాళ్ళు తుమ్ముతున్నారు, దగ్గేవాళ్ళు దగ్గుతున్నారు, కళ్ళు మూసుకుని నోరు తెరిచినవాళ్ళు తెరిచినట్టే ఉన్నారు. ఆయనా తుమ్ముతూనే మీట నొక్కుతున్నాడు. నేను పక్కన కూర్చుని పేర్లు కొడుతున్నాను. ఏళ్ళ తరబడి పక్కపక్కన కూర్చున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు మొదటిసారి చూసుకుని, "ఓసి, నువ్వు ఇట్లా ఉంటావా" అని ఆశ్చర్యపోతున్నారు. "చొక్కాని చూసి ఇంకా పెద్దదానివనుకున్నానే" అని ఒకామె ఇంకొకామె బుగ్గ గిల్లింది.

అత్త వంతు వచ్చింది. నేను ఇప్పటికీ అలాంటి తుమ్ము మళ్ళీ చూడలేదు. ముక్కు నుదుటి దాకా ముడుచుకుపోయి, కళ్ళు మాయమైపోయి, నోరు కొండగుహలా తెరుచుకుంది. తెర మీద ఆ బొమ్మ చూసుకుని అత్త ఎంత తృప్తిపడిందో. "ఇది నేనేనని మా అమ్మ దిగొచ్చినా చెప్పలేదు. ఉంచుకోమను" అంది.

మర్నాడు పొద్దున గేటు దగ్గర జాతర. బయట గాలి శుభ్రంగా ఉంది, అందరి మొహాలూ ప్రశాంతంగా ఉన్నాయి. మిషన్ ఒక్కరినీ గుర్తుపట్టలేదు. ఎర్ర దీపం మీద ఎర్ర దీపం. దానికి తెలిసిన మొహాలన్నీ తుమ్మే మొహాలే మరి. వాచ్‌మన్ చేతులెత్తేశాడు. అప్పుడు గళ్ళ చొక్కా వదినే ముందుకొచ్చి, కొంగున అంటిన కారం దుమ్ముని గట్టిగా పీల్చి, మిషన్ ముందు నిలబడి ఒక్క తుమ్ము తుమ్మింది. పచ్చ దీపం వెలిగింది. అంతే, ఇక అందరికీ దారి దొరికింది. ఆ రోజు నుంచి వాచ్‌మన్ ఒక చిప్పలో కారం పెట్టుకుని కూర్చునేవాడు. వచ్చిన ప్రతి మనిషికీ చిటికెడు ఇచ్చేవాడు, గుళ్ళో విభూది పెట్టినట్టు. విదేశాల పార్టీ వచ్చినప్పుడు కూడా ఇదే జరిగింది. వాళ్ళు ఇది మన ఆచారమేమో అనుకుని గౌరవంగా తలలు వంచుకుని నిలబడ్డారు.

మేం నవ్వుకుంటూనే ఉన్నాం. తర్వాతి సీజన్‌కి ముందు ఒక పార్శిల్ వచ్చింది. కంపెనీ రంగుల్లో అచ్చు వేయించిన పాంప్లెట్లు. ఎంత ఘాటైన చోటైనా మా మిషన్ మనిషిని పోల్చుకుంటుంది అని పైన పెద్ద అక్షరాలు. దాని కింద, పేజీలో సగం మేర, మా అత్త తుమ్ము. ఓనరు గారు తన కోల్డ్ స్టోరేజీకి ప్రచారం వచ్చిందని పొంగిపోయి, నేను చూసేలోపే బస్తాలు దాచుకునే రైతులందరికీ వాటిని పంచేయించారు. అందులో అత్తవాళ్ళ ఊరు కూడా ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆఫీసు ఫోన్ నుంచే ఆ టై ఆయనకి చేశాను.

"ఎవర్ని అడిగి వేశారండీ ఆ బొమ్మ?"

"అది మా డేటానే కదా మేడం."

"మొహం ఆవిడది కదా?"

"మొహం ఆవిడదే మేడం. ఫోటో మాది."

నేను ఏమన్నానో ఇక్కడ రాయలేను. ఆయన మాత్రం చివరిదాకా మేడం అనే అన్నాడు.

అత్తకి పాంప్లెట్ చూపించాను. నవ్వుతుందేమోనని మనసులో ఒక ఆశ ఉండింది. "మీ మామయ్యకి చెప్పకు" అంది. ఆ రాత్రి అన్నం తినలేదు. వాళ్ళమ్మ దిగొచ్చినా పోల్చుకోలేదని అత్త అన్న ఆ బొమ్మని నేనే ఇట్టే పోల్చుకున్నాను. ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళు పోల్చుకోరా? నాకు భయమేసింది, ఆ మిషన్‌ని గోడ మీంచి పీకి కాలవలో పారెయ్యాలనిపించింది. కానీ దాన్ని ఎవరూ పీకక్కర్లేదు. అప్పటికే దాని కంట్లో కారం దూరి సగం చచ్చింది. ఇంకా పాడవకుండా వాచ్‌మన్ దానికి కూడా ఒక పాత తువ్వాలు చుట్టి కట్టాడు.

లారీ వచ్చిన రోజు అత్త పనికి రాదేమో అనుకున్నాను. వచ్చింది. గుడ్డ రెండు చుట్లు ఎక్కువే చుట్టుకుంది. మరిది ఎప్పటిలాగే షెడ్డు నీడలోకి వచ్చి, ఆ గుట్ట దగ్గరే కూర్చున్నాడు. ఆయన చొక్కా జేబులో మడతపెట్టిన పాంప్లెట్ రంగు కనబడుతోంది. నేను గదిలో కూర్చోలేక బయటికి వచ్చేశాను.

"అమ్మా, కాసిని మంచినీళ్ళు" అన్నాడు. అత్త బెల్లం ముక్క చేతిలో పెట్టింది. చెంబు ఇచ్చింది. ఆయన తాగి, మూతి తుడుచుకుని, జేబులోంచి కాగితం తీశాడు.

"ఈ బొమ్మ చూశావా అమ్మా? ఊళ్ళో అందరూ మా వదిన అంటున్నారు. నేను కాదని కొట్లాడొచ్చా. మా వదినకి ఇంత నోరెక్కడిదిరా అన్నా."

అత్త చెయ్యి కాయల్లోనే ఆగిపోయింది.

"మా ఇంట్లో ఎవరన్నా మంచినీళ్ళు అడిగితే మా వదిన ముందు బెల్లం ముక్క పెట్టేది, తర్వాతే చెంబు ఇచ్చేది. నా చిన్నప్పటి నుంచీ అంతే. ఇక్కడా ఒకావిడ ప్రతి ఏడూ నాకట్లాగే ఇస్తది. నేనేమన్నా ఎవరమ్మా నువ్వని అడిగానా? ఆవిడ చెప్పాలనుకున్నప్పుడు చెబుతది" అని ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి తొడిమల బుట్టలో పడేశాడు.

అత్త రెండు చేతులూ పైకెత్తి, చుట్టూ అంత మంది చూస్తుండగా, ముడి విప్పింది. గుడ్డ మెడ మీదికి జారింది. ఆమె కళ్ళలో నీళ్ళు ఘాటువి కావని నాకు తెలుసు.

"ఏరా, అన్నం తిన్నావా?" అంది. ఆ తర్వాత ఇంకేదో అనబోయింది గానీ ఘాటు ముక్కుకెక్కి తుమ్మింది. అచ్చం పాంప్లెట్‌లో ఉన్న తుమ్మే.

ఆయన నవ్వలేదు. లేచి వెళ్ళి, మెడ మీద వేలాడుతున్న గుడ్డ కొస తీసి ఆమె చేతికి అందించాడు.

"కట్టుకో వదినా" అన్నాడు. "ఘాటెక్కువగా ఉంది."