ఆరువందల నలభై గ్రాముల మెత్తని తుపాకీ

ఈ జ్ఞాపకం పూర్తయ్యేలోపు ఒక మనిషి తల మీద నిమ్మకాయంత బొప్పి లేస్తుంది. ముందే చెబుతున్నాను, తరువాత నన్ను అనవద్దు. ఆ తల ఎవరిదో ఇప్పుడు చెప్పను. కొట్టిన చెయ్యి మాత్రం నాది కాదు. ఆ దెబ్బలోని బరువు, గ్రాములతో సహా, నాదే.

అప్పటికి నాకు అరవై ఒక్క ఏళ్లు. అంటే ఇంకా చిన్నతనం పోలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక దారాల దుకాణంలో ముప్పై ఏళ్లు పట్టుదారం తూచి, అప్పుడే విశ్రాంతిగా ఇంట్లో కూర్చున్నాను. మాది పోచంపల్లి వైపు చేనేత కుటుంబం. దారం జానెడు తప్పితే చీరంతా తప్పుతుందని వింటూ పెరిగినదాన్ని. రెండు దారం కట్టలు రెండు చేతుల్లో పెడితే అయిదు గ్రాముల తేడా అయినా చెప్పేసేదాన్ని. ఈ విద్య వల్ల నాకు గౌరవం పెరిగింది, చుట్టాలు తగ్గారు. మా ఇంటికి పావుకిలో మిఠాయి తెచ్చినవాళ్లు దాన్ని నా చేతికివ్వకుండా గుమ్మం దగ్గరే పెట్టి వెళ్లిపోయేవాళ్లు.

అలాంటి నా దగ్గరకు మా చెల్లెలి కూతురు శ్రావణి వచ్చింది. అది శిల్పకళ చదివి ఒక టీవీ సీరియల్లో సామాన్లు తయారుచేసే పనిలో చేరింది. చేరింది అనకూడదు. వారం రోజులు పని చూసి, ఉంచుకుంటామో పంపేస్తామో శనివారం సాయంత్రం చెబుతామన్నారు. ఆ సీరియల్ కథ వేరే గ్రహం మీద జరుగుతుంది. అక్కడి వాళ్లకూ మనలాగే అత్తలు, ఆడపడుచులు, ఆస్తి తగాదాలు ఉన్నాయి. తేడా ఏమిటంటే, వాళ్లు మాటలతో ఊరుకోరు, తుపాకులు తీస్తారు. ఆ తుపాకులు చేసే పని శ్రావణిది. దాని అద్దె గదిలో చాప పరిస్తే అడుగు పెట్టే చోటుండదు కాబట్టి నా వంటిల్లు కార్ఖానా అయింది.

"పెద్దమ్మా, రెండు తుపాకులు చెయ్యాలె" అంది.

"ఎవర్ని చంపుతున్నవే?"

"ఒకటి దగ్గరికెంచి చూపిస్తరు. దానికి లైట్లుండాలె, గట్టిగుండాలె. ఇంకోటి కొట్టుకునేటందుకు. అది మెత్తగుండాలె. కానీ చూస్తె రెండిట్ల తేడా తెల్వద్దంట. డైరెక్టర్ సార్ మూడుసార్లు చెప్పిండు."

ఇంత మాట్లాడితే అందులో నా చెవికెక్కింది ఆ చివరి మాట ఒక్కటే. తేడా తెలియకూడదు. ముప్పై ఏళ్లు నేను తిన్న అన్నమే ఆ మాట మీద తిన్నాను.

గట్టి తుపాకీకి ప్లాస్టిక్ నీళ్ల పైపు, పాడైపోయిన డ్రిల్లింగ్ మిషన్ పిడి, మూతి దగ్గర నా టీ వడగట్టే జల్లెడ వాడింది. లోపల పిల్లల బొమ్మ కారులోని ఎర్రదీపం పెట్టింది. మీట నొక్కితే తుపాకీ కళ్లెర్రజేసేది. మెత్తదానికి చెప్పుల అడుగులకు వాడే రబ్బరు షీటు కొత్తపేటలో కొనుక్కొచ్చి, కోసి, వేడి చేసి వంచి, అంటించి, అదే రంగు వేసింది. గట్టిదాని పక్కన ఎక్కడ గీత పడిందో మెత్తదాని పక్కనా అక్కడే గీత గీసింది. రెండూ బల్ల మీద పెట్టింది. కవల పిల్లలకైనా తల్లికి తెలిసే తేడా ఒకటుంటుంది. వీటికి అదీ లేదు.

శ్రావణి స్నానానికి వెళ్లగానే నేను రెంటినీ చేతుల్లోకి తీసుకున్నాను.

గట్టిది ఆరువందల నలభై గ్రాములు. మెత్తది నూట ఎనభై. ఒక చేతిలో ఇటుక, ఒక చేతిలో అప్పడం!

పాఠకులారా, నా తర్కం వినండి, అందులో తప్పెక్కడో చెప్పండి. తేడా తెలియకూడదన్నారు. పట్టుకున్నవాడికి తెలుస్తోంది. వాడికి తెలిస్తే వాడి మణికట్టుకు తెలుస్తుంది. మణికట్టుకు తెలిస్తే టీవీ ముందు కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది. వాళ్లకు తెలిస్తే శనివారం సాయంత్రం శ్రావణి ఇంటికి వస్తుంది. కాబట్టి తేడా పోవాలి.

దుకాణంలో కరెంటు కాటా వచ్చాక పాత తూకపు రాళ్లు నాకే ఇచ్చేశారు. తక్కువైనది నాలుగువందల అరవై. మెత్తదాని అతుకులు మెల్లగా విప్పి, మడమలో, అంటే పిడి చివర, రెండువందల గ్రాముల ఇనుప రాయి పెట్టాను. మడమలోనే పెడితే వెనక్కి వాలుతుంది కదా, అందుకని మూతిలో ఇంకో రెండువందలు. కడుపులో యాభై, పది. మళ్లీ అంటించి కాటా మీద పెట్టాను. సరిగ్గా ఆరువందల నలభై. నా జీవితంలో అంత తృప్తిగా దేన్నీ తూచలేదు.

శ్రావణికి చెప్పలేదు. ఆ రోజే శనివారం, సాయంత్రం ఉద్యోగం ఖాయమయ్యాక చెప్పి మెచ్చుకోలు పొందుదామనుకున్నాను. అది తడి జుట్టుతోనే రెండు తుపాకులూ సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. నేను టీ పెట్టుకున్నాను. గ్లాసు పెదవి దాకా వచ్చింది, అప్పుడు గుర్తొచ్చింది.

"కొట్టుకునేటందుకు."

ఆ టీ ఆ గ్లాసులోనే ఉండిపోయింది. ఫోన్ చేశాను. సెట్‌లో ఫోన్లు ఆపేయాలట, మోగనే లేదు. నా కళ్ల ముందు ఒక కుర్రాడి తల, దాని మీదికి దిగుతున్న నా ఇనుప రాయి. అవతల శ్రావణి సంచి సర్దుకోవడం. మొన్ననే దీపం ఒకటి తప్పుగా పెట్టినందుకు ఎవరినో మధ్యాహ్నం భోజనానికి ముందే పంపేశారని అది చెప్పింది. దీపానికే అలా అయితే తల పగిలితే? నేను వెళ్లాలి, ఎవరికీ తెలియకుండా రాయి తీసేయాలి. అతుకు కోయడానికి కూరగాయల కత్తి సంచిలో వేసుకుని మెట్రో స్టేషన్‌కు పరుగెత్తాను.

తనిఖీ దగ్గర సంచి ఆగిపోయింది.

"ఇదేంది మేడమ్?" అని అడిగింది అక్కడి అమ్మాయి.

"కూరగాయల కత్తి."

"కూరగాయలేవి మరి?"

"కూరగాయలకు కాదమ్మా, తుపాకి కొయ్యనీకె."

ఉన్నదున్నట్టు చెప్పడం నాకు అలవాటు. దానికి తగిన చోట్లు లోకంలో చాలా ఉన్నాయి. మెట్రో తనిఖీ వాటిలో ఒకటి కాదు. ఆ అమ్మాయి ఇంకొకరిని పిలిచింది, ఆయన ఇంకొకరిని పిలిచాడు. తుపాకీ రబ్బరుదని, అది వేరే గ్రహానిదని నేను ఎంత వివరంగా చెబితే వాళ్ల ముఖాలు అంత బిగుసుకున్నాయి. చివరికి కత్తి అక్కడ వదిలేసి, మెట్రో వదిలేసి, రోడ్డు మీదికొచ్చి ఆటో ఎక్కాను.

"ఎల్బీనగర్ చౌరస్తా అవతల, పాత టైల్స్ గోదాం. జల్ది పోనీ బిడ్డా."

"ఏందమ్మా, గంత పరేషాన్‌ల ఉన్నవ్? దవాఖానకా?" అన్నాడు ఆటో అబ్బాయి. నల్లగొండ యాస.

"ఇంకా గాలే. ఆలస్యమైతె దవాఖానకే. నేను చేసిన తుపాకితోని ఒకాయన్ని కొట్టబోతున్నరు."

అబ్బాయి అద్దంలోంచి నన్ను చూశాడు. తరువాత రోడ్డును చూశాడు. మళ్లీ నన్ను చూశాడు.

"తుపాకితోని కాలుస్తరు గదమ్మా? కొట్టుడేంది?"

"గీ తుపాకి కాలదు."

"మరింకేంది భయం?"

"ఇనుము వెట్టిన."

ఆ తరువాత ఆ అబ్బాయి అద్దం వంక చూడడమే మానేశాడు. కానీ బండి మాత్రం ఎలా నడిపాడో! బస్సుల మధ్యలోంచి దారంలా దూరిపోయాడు. నన్ను దించాక కిరాయి తీసుకుని ఒక దండం పెట్టి మాయమయ్యాడు. అది గౌరవమా భయమా నాకు ఇప్పటికీ తెలియదు.

గోదాములో సగం వేరే గ్రహం, సగం టైల్స్. శ్రావణి ఎక్కడో వెనుక గోడకు రంగు కొడుతోంది. బల్ల మీద రెండు తుపాకులు పక్కపక్కన ఉన్నాయి. ఏది ఏదో నాకే తెలియలేదు! కన్నుకు ఒకటే, చేతికీ ఒకటే. నేనే చేశాను కదా ఆ ఘనకార్యం. మీట నొక్కితే ఒకటి ఎర్రగా వెలిగింది. రెండోది తీసుకుని పరదా చాటుకు వెళ్లాను. కత్తి లేదు. ఉన్నవి సొంత పళ్లు. మడమ దగ్గర అతుకు పట్టుకుని కొరికి లాగడం మొదలుపెట్టాను.

"అమ్మా, ఆకలైతుందా? ఇడ్లీలున్నయ్."

తలెత్తి చూస్తే ఆరడుగుల మనిషి, నిలువెల్లా ఆకుపచ్చ రంగు, నెత్తి మీద రెండు కొమ్ములు. నా గుండె ఒక్క క్షణం తూకం తప్పింది. ఆయన విలన్ వేషగాడు, బడంగ్‌పేట్ నుంచి వస్తాడట. గొంతు మాత్రం బడిపంతులు గొంతులా మెత్తగా ఉంది.

"ఆకలి కాదు నాయినా, అతుకు సూస్తున్న" అన్నాను, నోట్లో తుపాకీతోనే.

"మస్తు చేసిండ్రమ్మా. చేతిలకు తీస్కుంటే నిజం తుపాకి లెక్కనే బరువుంది. దీనితోనే ఇయ్యాల హీరో తల మీద కొట్టేది."

"దేనితోని? మడమతోనా, మూతితోనా?"

"మడమతోని. పొద్దుటి సంది అదే ప్రాక్టీసు."

అమ్మయ్య. అతుకు ఊడింది, మడమలోని రాయి నా చేతిలో పడింది. చేతిసంచిలో వేసుకుని, అతుకును బొటనవేలితో మళ్లీ అదిమేశాను. మూతిలోది కూడా తీయబోతుంటే "షాట్ రెడీ!" అని కేక. విలన్ తుపాకీ కోసం మర్యాదగా చెయ్యి చాచాడు. ఇచ్చేముందు మడమతో నా మోకాలి మీద కొట్టి చూశాను, పూలచెండులా ఉంది. మూతిలో రాయి ఉంటే ఉండనీ, మూతితో కొట్టరు కదా అని కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను.

హీరో మోకాళ్ల మీద కూర్చున్నాడు. పాలబుగ్గల కుర్రాడు. విలన్ వెనుక నిలబడి తుపాకీ ఎత్తాడు. డైరెక్టర్ గారు తెర వంక చూసి పెదవి విరిచారు. గోదావరి జిల్లాల మనిషి, గొంతు పెద్దది.

"కాదయ్యా, అలా పట్టుకుంటే నీ కొమ్ములు కనపట్లేదు. తిరగేసి పట్టుకో. మూతితో కొట్టు. గట్టిగా కొట్టాలి, మెత్తదే కదా!"

నా కడుపులో రెండువందల గ్రాముల రాయి పడింది.

"యాక్షన్!"

"ఆగు బిడ్డా!" అని అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. లేచి, కేబుళ్లు దాటి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ఉరికి, హీరో తలను రెండు చేతులతో కప్పేశాను. వాడి జుట్టు నిండా జిగురు.

"కట్! ఎవరండీ ఈవిడ? ఏ గ్రహం?" అన్నారు డైరెక్టర్ గారు.

శ్రావణి రంగు కుంచెతో పరుగెత్తుకొచ్చింది. నన్ను చూడగానే ముఖం సున్నం కొట్టిన గోడ అయింది. "మా పెద్దమ్మ సార్" అంది, ఆ బంధుత్వం మీద తనకేమీ అధికారం లేనట్టు.

"సార్, దానితోని కొట్టద్దు. తల పలుగుతది" అన్నాను.

"అమ్మా, మీరు కంగారు పడకండి. ఇది చెప్పుల షీటు. చెప్పుదెబ్బకు పరువు పోతుందేమో గానీ ప్రాణం పోదు. కావాలంటే చూడండి" అని విలన్ చేతిలోంచి తుపాకీ తీసుకున్నారు.

"సార్, అటు దిక్కు గాదు, ఇటు దిక్కు..."

మెల్లగా కొట్టుకున్నా బాగుండేది. ముసలమ్మ భయం పోగొట్టాలన్న సద్బుద్ధితో, గుళ్లో కొబ్బరికాయ కొట్టినట్టు, తన నడినెత్తి మీద తానే కొట్టుకున్నారు.

ఠంగుమంది. రబ్బరు అలా మోగదు.

ఆయన నవ్వు మాత్రం అలాగే ఉంది. దెబ్బ సంగతి పెదవులకు చేరడానికి కొంత సమయం పట్టింది. తరువాత తుపాకీ జారింది, తరువాత ఆయన జారారు. అందరూ ఐసు, ఐసు అని అరిచారు. ఆకుపచ్చ విలన్ కొమ్ములతో సహా ఎల్బీనగర్ రోడ్డు మీదికి పరుగెత్తాడు. వాహనాలన్నీ ఆగిపోయి ఉంటాయి, ఎందుకంటే వెంటనే వచ్చేశాడు.

"ఐసు దొర్కలే సార్. కుల్ఫీ తెచ్చిన."

డైరెక్టర్ గారు కుల్ఫీ నెత్తి మీద పెట్టుకుని, కారుతున్న పాలు తుడుచుకుంటూ అడిగారు: "దీంట్లో ఏముంది?"

"మూతిల రెండు నూర్లు సార్. కడుపుల అరవై. మడమల ఇంకో రెండు నూర్లుండె, గది తీసేసిన" అని సంచిలోంచి రాయి తీసి చూపించాను.

"ఎందుకండీ?"

"తేడా తెల్వద్దన్నరు గద సార్."

అప్పుడు శ్రావణి ముందుకొచ్చింది. "సార్, తప్పు నాది. ఇచ్చేముందు నేను పట్టుకొని సూడలె. నన్ను పంపెయ్యండి, పెద్దమ్మనేమీ అనకండి."

"దానికేం తెల్వదు సార్! రాళ్లు నేను వెట్టిన. అది స్నానానికి పోయింది సార్!" అన్నాను. అక్కడ స్నానం సంగతి ఎందుకు చెప్పానో నాకు తెలియదు. దాని కళ్లలో నీళ్లు నిలిచాయి.

డైరెక్టర్ గారు నేల మీది తుపాకీని తెప్పించి బల్ల మీద రెండోదాని పక్కన పెట్టించారు. కుల్ఫీ కారిన కళ్లు తుడుచుకుని వంగి చూశారు. గీతలు చూశారు, రంగు చూశారు, జల్లెడ చూశారు. ఇప్పుడే తన తల పగలగొట్టింది ఏదో ఆయనకే తెలియలేదు. వేలు ఇటు పెట్టి, అటు పెట్టి, చివరికి తప్పుదాన్నే చూపించారు.

"ఈ రూపం, రంగు ఎవరివి?"

"నావి సార్" అంది శ్రావణి.

"బరువు?"

"నాది" అన్నాను.

"అయితే రూపం, రంగు సెట్‌లో ఉంటాయి. బరువును ఇంటికి పంపించెయ్యండి" అన్నారు. తరువాత బొప్పి తడుముకుని శ్రావణి వైపు తిరిగారు. "సోమవారం నుంచి రోజూ రామ్మా. ఒక్క షరతు. ఇక మీదట ఏ ఆయుధం తెచ్చినా, ముందు మీ పెద్దమ్మ నెత్తి మీద కొట్టి చూసి తీసుకురావాలి. రెండు వైపులా."

ఆయన హాస్యానికి అన్నారని నేను ఇప్పటికీ వాదిస్తున్నాను. శ్రావణి మాత్రం అది ఉద్యోగపు షరతని అంటుంది. అప్పటి నుంచి గొడ్డళ్లు, గదలు, కాంతి కత్తులు, రెండు మూతుల తుపాకులు అన్నీ నా నెత్తి మీదుగానే ఆ గ్రహానికి వెళ్లాయి. మొన్న ఒక సుత్తి తెచ్చింది. అంత గట్టిగా కొట్టాల్సిన పని లేదు.

కాబట్టి పాఠకులందరి ఎదుట, నా కాటా సాక్షిగా, తల నిమురుకుంటూ ప్రమాణం చేస్తున్నాను. మెత్తగా ఉండవలసిన దేనిలోనూ ఈ జన్మలో మళ్లీ బరువు పెట్టను. ఒక గ్రాము కూడా పెట్టను. సరే, అయిదు గ్రాముల లోపు తేడా ఉంటే ఆలోచిస్తాను.