ఉప్పు లేకుండా ఉడికిన చేప

మా అత్తగారికి కోపం ముక్కు మీదే ఉంటుంది. మార్కెట్లో చేపలు అమ్మే మనిషికి అదొక అలంకారం కాబోలు అనుకునేదాన్ని, కాపురానికి వచ్చిన కొత్తలో. ఆవిడ బుట్టలో చేపకు ఎవరూ వంక పెట్టి ఎరుగరు. అలాంటిది ఒకరోజు టీచరమ్మ వండిన కూరను గిన్నెతో సహా తెచ్చి, "చేప పాడవకుండా ఏం మందు కలుపుతున్నావ్?" అని అందరి ముందూ అడిగేసరికి అత్తగారి మొహంలో నెత్తురు చుక్క లేదు.

చేప తాజాదే. మొప్పలు ఎర్రగానే ఉన్నాయి. ఉడికించాకే ఆస్పత్రి వాసన. ఏటి ఒడ్డున జిగురు ఫ్యాక్టరీ వచ్చి, దాని గొట్టం నీళ్ళలోకి దిగాక మొదలైంది ఇది. ఆ గొట్టం వదిలే రసాయనం చేప కొవ్వులో చేరి కూర్చుంటుంది, వేడి తగిలితే బయటపడుతుంది. పక్క బుట్టావిడకూ ఈ సంగతి తెలుసు.

"కాస్త కారం దట్టించి వండుకోమని చెప్పు వదినా, పోయేదేముంది?" అంది.

"నా పేరు పోతుంది," అంది అత్తగారు.

మర్నాడు స్టవ్వు తెచ్చింది. ఉప్పూ కారం లేకుండా వట్టి నీళ్ళలో ఒక ముక్క ఉడికించి, మూత తీసి, కొనడానికి వచ్చినవాళ్ళను వాసన చూడమంది. వాసన వస్తే అమ్మదు. ఆ వారమంతా దాదాపు ఏమీ అమ్మలేదు. కూర్చున్న కొమ్మను నరుక్కుంటోందని నేనూ సణిగాను. నాకు భయం వేసింది మరి, ఇల్లు గడిచేది ఆ బుట్ట మీదే.

అప్పుడొచ్చాడు ఫ్యాక్టరీ క్యాంటీన్ సూపర్‌వైజరు, నవ్వుకుంటూ.

"ఆ స్టవ్వు తీసెయ్ పెద్దమ్మా. రోజూ నీ బుట్టంతా మేమే కొంటాం."

"మీ మేనేజరుగారు కూడా ఇవే తింటారా?"

"అబ్బే, ఆయనకి గొట్టానికి ఎగువ పట్టినవే తెస్తాం."

నోరు జారానని అతనికి అర్థమయ్యేలోపే అత్తగారు, కూరగాయల దగ్గర బేరమాడుతున్న టీచరమ్మను చేయెత్తి పిలిచింది.

"ఇంకోసారి చెప్పు నాయనా, ఆవిడకి వినపడలేదు."

ఇప్పుడు చేపలు పట్టడానికి మా ఆయన, దూరమైనా సరే, ఎగువకే పడవ తోసుకుపోతున్నాడు. ఆ చేపల్ని మార్కెట్లో నేను అమ్ముతున్నాను. అత్తగారి స్టవ్వు మాత్రం పొద్దున్నే ఫ్యాక్టరీ గేటు ముందు వెలుగుతుంది. దాని మీద దిగువ చేప ముక్క ఉడుకుతుంటే, షిఫ్టుకు వెళ్ళేవాళ్ళంతా ముక్కు మూసుకుని ఆ వాసనలోంచే లోపలికి పోవాలి. వాచ్‌మన్ బతిమాలాడు, బెదిరించాడు, ఆఖరికి మేనేజరు మాటగా ఆపమన్నాడు.

"ముందు ఆయన్ని గొట్టం ఆపమను," అని మంట కాస్త పెంచింది అత్తగారు.